బిక్షమ్మకు చదివి వినిపించిన పేపరు

అచ్చంపేట నుంచి జడ్చర్ల దాకా బస్సులో వచ్చినంత సేపూ ఎస్తేరు ఒళ్లో ఒక అట్టపెట్టె ఉంది. అందులో ఉన్నవేమన్నా వజ్రాలా అంటే కాదు. రెండు స్కేళ్లు, మల్లేష్ బొమ్మలేసుకునే పెన్నులు, ఒక గమ్ము సీసా, పాత 'కందీలు' సంచికలు నాలుగు. "పైన పెట్టరాదే, ఎవడెత్తుకపోతడు?" అని నిహారిక రెండుసార్లు అడిగింది. ఎస్తేరు ఊఁ అంది గానీ పెట్టె దించలేదు.

కందీలు వాళ్ల డిగ్రీ కాలేజీ గోడపత్రిక. నెలకోసారి నోటీసు బోర్డు పక్కన అంటిస్తారు. దానికి ఎడిటర్ ఎస్తేరు, రెండో సంవత్సరం బీఏ. ఊరూరా తిరిగి వార్త పట్టుకొచ్చేది నిహారిక. ఫొటోలు శ్రీకాంత్, బొమ్మలు మల్లేష్, కంప్యూటర్ మీద పేజీ పెట్టేది శివకుమార్. వీళ్లను కూడగట్టి నడిపించేది తెలుగు లెక్చరర్ లింగస్వామి సార్. ఆయన ఆ రోజు బస్సులో ముందు సీట్లో కూర్చుని, పిల్లలకంటే తానే ఎక్కువ కంగారు పడుతూ, ప్రతి స్టేజీ దగ్గరా గడియారం చూసుకుంటున్నాడు.

వాళ్లు పోతున్న పోటీ ఏమిటో కూడా చెప్పాలి. జడ్చర్లలో ఒక ప్రైవేటు కాలేజీవాళ్లు ఏటా పెడతారు, విద్యార్థి పత్రికల పోటీ. పదకొండు జట్లు. పొద్దున తొమ్మిదిన్నరకు ఊళ్లోకి వదులుతారు. వార్తలు తెచ్చుకోవాలి, రాసుకోవాలి, పేజీలు పెట్టుకోవాలి, మధ్యాహ్నం మూడింటికల్లా నాలుగు పేజీల పేపరు అచ్చు తీసి బల్ల మీద పెట్టాలి. ఒక్క నిమిషం దాటినా మార్కులు కోతే.

అయితే ఎస్తేరు పెట్టెను అంత గట్టిగా పట్టుకున్నది పోటీ భయంతో కాదు. కాలేజీలో లైబ్రరీ పక్కన చిన్న గది ఒకటుంది. విరిగిన బెంచీలు పడేసిన ఆ గదిని ఐదుగురూ కలిసి ఊడ్చి, సున్నం కొట్టి, ఒక పాత కంప్యూటరు, ఒక టేబులు వేసుకున్నారు. మొన్న ప్రిన్సిపాల్ పిలిచి, "బహుమతి తీస్కరాండ్రి, గది మీది. లేదంటే జూన్ నుంచి రికార్డులు పెట్టుకుంటం" అన్నాడు. ఎస్తేరు ఇంట్లో ఐదుగురికి ఒకటిన్నర గది. బాపు డానియల్ మేస్త్రీ పని చేసి ఊరందరికీ ఇళ్లు కడతాడు గానీ, తమ ఇంటికి ఇంకో గది వేసే తీరిక ఇప్పటికీ దొరకలేదు. ఆ పిల్లకు పుట్టి బుద్ధెరిగాక తనదని చెప్పుకోవడానికి దొరికిన టేబులు ఆ గదిలోదే. అది పోతే తట్టుకోలేనని ఆమెకు తెలుసు.

కందీలుకు ఒక పద్ధతి ఉంది. ఎవరి గురించి రాస్తే వాళ్లకు, గోడకెక్కించే ముందు, రాసిందంతా చదివి వినిపించాలి. అదీ రాసినవాళ్లు కాదు, ఎడిటరే చదవాలి. రాసినవాళ్లయితే ఇబ్బందిగా ఉన్నచోట గబగబా దాటేస్తారని. ఈ పద్ధతి ఎలా వచ్చిందంటే, నిరుడు ఎస్తేరు అడవి అంచు గూడెంలో ఉండే లింగయ్య అనే తేనె తీసే ముసలాయన గురించి రాసింది. "నాగరికత ఎరుగని ఈ వృద్ధుడు దుంపలే తిని బతుకుతున్నాడు" అని, ఆహా, ఎంత గొప్పగా రాసిందనీ! మూడో రోజు ఆ లింగయ్యే కాలేజీకి వచ్చాడు. బోర్డు ముందు నిలబడి, "నా బొమ్మ కింద ఏం రాసిండ్రో జర సదువు బిడ్డా" అన్నాడు. ఎస్తేరే చదవాల్సి వచ్చింది. అంతా విని ఆయన, "మొన్న ఆదివారం మీ గేటు కాడ ఇడ్లీ తింటుంటె నువ్వే కద నా పక్కన కూసున్నవ్? గా ఇడ్లీ ఏమైంది?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. ఎస్తేరుకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ మధ్యాహ్నమే బోర్డు మీద కాగితం చింపేసి ఈ పద్ధతి పెట్టుకుంది.

ఇక జడ్చర్లలో ఏం జరిగిందో వినండి.

పదకొండున్నరకల్లా నిహారిక మొహం వెలిగిపోతూ హాల్లోకి వచ్చింది. "దొరికిందే! ముందు పేజీ దొరికింది!" చౌరస్తాలో వంతెన కింద జొన్నరొట్టెలు చేసి అమ్మే ఆమె, పేరు బిక్షమ్మ. మందుల ఫ్యాక్టరీలకు షిఫ్టులకు పోయేవాళ్లంతా ఆమె దగ్గరే రొట్టె కట్టించుకుంటారు. దేవరకొండ దిక్కు నుంచి పదేళ్ల కింద ఒక్కతే వచ్చిందట. మొగుడు చచ్చిపోయాడట. ఒక పొయ్యి, ఒక పెనం పెట్టుకుని ఇంతదాకా వచ్చింది.

నిహారిక కూర్చుని ముప్పావు గంటలో రాసేసింది. రాయడంలో ఆ పిల్లది మంచి చెయ్యి. శీర్షిక కూడా తనే పెట్టింది: 'పోయిన పెనిమిటి.. పొయ్యి ముందు పదేళ్లు'. శివకుమార్ దాన్ని ముందు పేజీ మీద ఈ చివరి నుంచి ఆ చివరికి పరిచాడు. పక్కన శ్రీకాంత్ తీసిన ఫొటో. పొగలో బిక్షమ్మ మొహం, పెనం మీద రొట్టె, రొట్టె మీద చెయ్యి. లింగస్వామి సార్ జట్ల దగ్గరికి రాకూడదు కాబట్టి తలుపు దగ్గరే నిలబడి మెడ చాచి చూసి, బొటనవేలు పైకెత్తాడు.

"ఇగ కప్పు మనదే," అన్నాడు మల్లేష్.

ఎస్తేరు కాగితం తీసి మడిచింది. "చదివి వినిపించి వస్త."

నలుగురూ ఒకేసారి ఆమె వంక చూశారు. "ఏందే, గిప్పుడా?" అంది నిహారిక. "ఒంటిగంట దాటింది. ఇది కందీలు కాదు, పోటీ. గోడకు పెడ్తలేం. బిక్షమ్మ వచ్చి చూస్తదా?"

"లింగయ్య వస్తడనుకున్నమా?"

నిర్వాహకుల నియమం ప్రకారం చీటీ రాసిచ్చి జట్టులో ఒక్కరే బయటికి పోవచ్చు. ఎస్తేరు చీటీ రాసిచ్చి, ఎండలో చౌరస్తా దాకా నడిచింది, నడవడం కాదు, దాదాపు ఉరికింది.

బిక్షమ్మ పొద్దుటి బేరం ముగించి పెనం కడుగుతోంది. నలభై ఐదేళ్లుంటాయి. మోచేతుల దాకా పిండి. ఎస్తేరు తానెవరో చెప్పి, "మా దోస్తు పొద్దుగాల వచ్చి మీతోని మాట్లాడింది పెద్దమ్మా. ఏం రాసిందో సదువుత, జర వినున్రి" అంది.

"నాకు సదివి ఇనిపిస్తవా?" బిక్షమ్మకు నవ్వొచ్చింది. "పొద్దుగాల సంది గుంపులు గుంపులు వచ్చి రాసుకపోయిండ్రు గని ఎవ్వలు గిట్ల మల్ల రాలె. కూసో." పీట లాగి వేసింది.

ఎస్తేరు చదివింది. రొట్టె తట్టే తీరు గురించి రాసిన చోట బిక్షమ్మ తల ఊపింది. రొట్టెలోకి ఇచ్చే పుంటికూర, అదే గోంగూర, దగ్గర "ఎల్లిపాయ కారం కూడ ఇస్త, అది రాయలేదేం?" అని అడ్డం తగిలింది. "భర్త మరణంతో దిక్కుతోచని స్థితిలో ఊరు విడిచి.." అన్న దగ్గర మాత్రం పెనం కడిగే చెయ్యి ఆగిపోయింది.

"అది తీసెయ్ బిడ్డా."

"ఏది?"

"ఆయన సంగతి. మొత్తానికి తీసెయ్."

ఎస్తేరు చేతిలో కాగితం వంక చూసింది. శీర్షిక అదే, మొదటి వాక్యం అదే, అసలు వార్తే అది. "మీరు చెప్పిందే కద పెద్దమ్మా?"

బిక్షమ్మ అటూ ఇటూ చూసింది. పక్క కొట్టువాడు టోపీ మొహమ్మీద వేసుకుని నిద్రపోతున్నాడు. "ఆయన సావలె," అంది మెల్లగా. "ఇంకోదాన్ని తీస్కొని పోయిండు. నేనీడికి వచ్చినప్పుడు కిరాయికి అర్ర అడిగితె, మొగడేడి అంటరు. ఇడిసిపెట్టి పోయిండంటె ఇగ జూడు, ఎందుకు పోయిండు, నువ్వేం చేసినవ్, సర్దుకపోవద్దా అని నూరు ముచ్చట్లు. సచ్చిండంటె అయ్యో అని నోరు మూసుకుంటరు. అందుకె సంపిన." కడిగిన పెనం బోర్లించింది. "గని మా అత్త ఇంక ఉన్నది. ముసల్ది నాకేం అన్యాలం చెయ్యలె. పండుగకు పబ్బానికి ఇప్పటికి ఫోన్ చేస్తది. దానికెవరన్న పేపర్ సదివి నీ కొడుకు సచ్చిండంట అని చెప్తె దాని పానం ఆగుతదా? నేనంటె వేరు బిడ్డా. మీరు అచ్చేస్తె వేరు."

"మరి ఉన్నడని రాయాల్నా?"

"వద్దు వద్దు! గట్ల రాస్తె ఈడ నా మొకం ఏడ పెట్టుకోను? ఆయన పేరే ఎత్తకు. నీకు చెప్పిన ముచ్చట గూడ ఎవ్వలకు చెప్పకు. మీ దోస్తులకు సుత."

"చెప్ప," అంది ఎస్తేరు. అన్నాక గానీ ఆ మాట ఎంత బరువో తెలియలేదు. "మరేం రాయమంటవ్ పెద్దమ్మా?"

బిక్షమ్మ ఆలోచించింది. తన గురించి ఏం రాయాలని ఇంతవరకూ ఎవరూ అడగలేదు పాపం. "పొద్దుగాల నలభై చేస్త. పొద్దుగూకి అరవై. ఒక్కటి మిగలదని రాయి. ఆదివారం రానని రాయి, నా కోసం వచ్చి ఉత్తగ తిరిగి పోతున్నరు. షిఫ్టుల పొల్లగాండ్లు రొట్టె సల్లారకుంట తువ్వాలల సుట్టుకపోతరు, అది రాయి. ఇంకేం రాస్తవ్, గంతే."

హాలుకు తిరిగి వచ్చేసరికి రెండు. ఎస్తేరు కాగితం బల్ల మీద పెట్టి, "మొగని సంగతి తీసెయ్యాలె" అంది.

అప్పుడు చూడాలి వాళ్ల మొహాలు! శివకుమార్ మౌస్ వదిలేసి కుర్చీలో వెనక్కి వాలాడు. మల్లేష్, "పేజీల సగం పోతది గద!" అన్నాడు. నిహారిక మాత్రం లేచి నిలబడింది.

"నా నోటుబుక్కుల ఉన్నది. ఆమె నోటితోనే చెప్పింది. అబద్ధమా?"

"నువ్వు రాసుకున్నది సరిగ్గనే రాసుకున్నవ్."

"మరెందుకు తియ్యాలె?"

"ఆమె వద్దన్నది."

"ఎందుకు వద్దన్నది?"

"చెప్పొద్దన్నది."

"నాకు సుత?"

ఎస్తేరు తల దించుకుంది. నిహారిక కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దుఃఖం కాదు, ఒళ్లుమంట. చిన్నప్పట్నుంచి ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు వాళ్లిద్దరూ. "గది పోతది, ఎరుకేనా?" అంది. "నీ టేబులు పోతది."

"ఎరుకే," అంది ఎస్తేరు. ఒక క్షణం అనిపించింది కూడా, ఎవరొచ్చి చూస్తారు, ఉంచేద్దామా అని. దేవరకొండ దిక్కు ఎక్కడో కూర్చున్న ముసలామె చెవికి జడ్చర్ల హాల్లో అతికించిన కాగితం ఎలా చేరుతుంది? చేరదు. ఆ సంగతి బాగా తెలిసీ చెయ్యి ముందుకు రాలేదు.

నిహారిక మూతి ముడుచుకునే కూర్చుని కొత్తగా రాసింది. కోపంలో రాసినా బాగానే రాసింది. అదేం విద్యో! పొద్దుటి చలిలో తువ్వాలలో రొట్టె చుట్టుకుని బస్సెక్కే పిల్లలు, ఎల్లిపాయ కారం, ఆదివారం వచ్చి ఖాళీ జాగా చూసి తిరిగిపోయే జనం. శీర్షిక 'పొద్దుగాల నలభై.. పొద్దుగూకి అరవై' అని ఎస్తేరు పెట్టింది. మిగిలిన సందులో మల్లేష్ రొట్టెల దొంతర బొమ్మ గీశాడు. మూడింటికి రెండు నిమిషాలుండగా పేపరు బల్ల మీద పడింది.

పదకొండు పేపర్లనూ హాలు గోడల వెంట బోర్డులకు గుచ్చారు. న్యాయనిర్ణేత రిటైరైన పాత్రికేయుడు, తెల్లగడ్డం పెద్దమనిషి. చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కో పేపరూ మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదువుకుంటూ వచ్చాడు. కందీలు జట్టు పేపరు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత వెనక్కి వెళ్లి ఒకటో బోర్డు చూశాడు. నాలుగోది చూశాడు. మళ్లీ వచ్చాడు.

చౌరస్తా కాలేజీకి దగ్గర కదా, ఇంకో నాలుగు జట్లు కూడా బిక్షమ్మనే పట్టుకున్నాయి. వాళ్లకూ ఆమె 'సచ్చిండు' అనే చెప్పింది, అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. మిగతాది వాళ్లే కల్పించుకున్నారు. ఒక పేపర్లో ఆయన ఫ్యాక్టరీ మంటల్లో కాలిపోయాడు. ఒకదాంట్లో హైవే మీద లారీ గుద్దింది. ఒకదాంట్లో పాము కరిచింది. ఒకదాంట్లో దవాఖానకు పోయే దారిలో బిక్షమ్మ ఒడిలోనే కన్నుమూశాడు.

"ఒకే మనిషి నాలుగు పేపర్లల్ల నాలుగు తీర్ల సచ్చిండు," అన్నాడు గడ్డం సారు. "మీ దాంట్ల అసలుకే లేడు. పదేండ్ల సంది ఒక్కతే ఉంటున్న ఆడామె, ఆమె పెనిమిటి సంగతి అడగాలని తోచలేదా? రిపోర్టర్ ఎవరు?"

నిహారిక చెయ్యెత్తింది. చేతిలో నోటుబుక్కు ఉంది. ఆ పేజీ తెరిచి చూపిస్తే చాలు, అడగడం చేతకాని పిల్ల అన్న మాట పడదు. ఎస్తేరు ఆ నోటుబుక్కునే చూస్తోంది. తాను ఒక్క మాట చెబితే ఇంకా చాలు. ఆయన బతికే ఉన్నాడు, నాలుగు పేపర్లూ తప్పే, మాదొక్కటే సరైనది అంటే ఇక్కడికిక్కడ మొదటి బహుమతి. గది, సున్నం కొట్టిన గోడలు, టేబులు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. మాట నాలుక చివరి దాకా వచ్చింది.

నిహారిక నోటుబుక్కు తెరవకుండానే చెయ్యి దించింది. "అడిగిన సార్. చెప్పింది. రాయొద్దన్నది."

"ఎందుకు వద్దన్నది?"

నిహారిక ఎస్తేరు వైపు చూసింది. ఎస్తేరు, "అది కూడ చెప్పొద్దన్నది సార్" అంది.

ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మార్కుల కాగితం మీద రాసుకుంటూ పక్క బోర్డుకు కదిలాడు.

ఫలితాలు నాలుగున్నరకు చెప్పారు. కందీలుకు నాలుగో స్థానం. మూడో బహుమతికి రెండు మార్కులు తక్కువ. ముఖ్య వార్తలో ముఖ్య ప్రశ్నకు జవాబు లేదని ఆ రెండూ కోశారు. దవాఖాన దారిలో ఒడిలో చంపినవాళ్లకు రెండో బహుమతి వచ్చింది. ఎస్తేరు చప్పట్లు కొట్టింది, కొట్టాలి కాబట్టి. బయటికొచ్చాక కాలేజీ మెట్ల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. లింగస్వామి సార్ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఏం జరిగిందో నిహారిక అప్పటికే చెప్పింది, తనకు తెలిసినంత వరకు. ఆయన ఓదార్పు మాటలేవీ వెతుక్కోలేదు. "జూన్ల గది ఖాళీ చేద్దాం. గోడ మనదే గద, అదెవరు తీస్కోరు" అని, అట్టపెట్టె తానే ఎత్తుకుని నడిచాడు.

అచ్చంపేట బస్సుకు ఇంకా అరగంట ఉంది. చౌరస్తాలో బిక్షమ్మ సాయంత్రం బేరంలో ఉంది. ఎస్తేరు తమ పేపరు ఇంకో ప్రతి తీసుకుని వెళ్లింది; మిగతావాళ్లు ఎదురుగా బస్సు స్టేజీ దగ్గర నిలబడి చూస్తున్నారు. షిఫ్టుకు పోయే పిల్లలు నలుగురైదుగురు చుట్టూ చేరారు. మొత్తం చదివి వినిపించింది. ఆదివారం రాననే మాట రాగానే ఒకడు, "అగో, అచ్చేసిండ్రు, ఇగ ఆదివారం వచ్చి తిట్టకు" అని ఇంకొకణ్ణి పొడిచాడు. బిక్షమ్మ పెనం మీద రొట్టె మాడిపోతున్నా చూసుకోకుండా ఫొటో వంక చూస్తూ మురిసిపోయింది.

షిఫ్టువాళ్లు రొట్టెలు కట్టించుకుని బస్సెక్కారు. అప్పుడు బిక్షమ్మ అడిగింది: "పొద్దుగాల ఇంక చానమంది వచ్చిండ్రు గద. వాళ్లేం రాసిండ్రు బిడ్డా?"

ఎస్తేరు దాచలేదు. మెల్లగా, ఆమెకు మాత్రమే వినపడేలా చెప్పింది. మంటలు, లారీ, పాము, ఒడి. అవి అమ్మే పేపర్లు కావని, రేపు బోర్డుల మీంచి తీసేస్తారని, మీ అత్త దాకా పోవని కూడా చెప్పింది.

బిక్షమ్మ తట్టబోయిన పిండి ముద్ద పళ్లెంలో పెట్టింది. తర్వాత ఉన్నట్టుండి నవ్వు అందుకుంది. ఆపుకోలేక, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లెంట నీళ్లు కారేదాకా నవ్వింది. "ఒక్కపారి సంపినందుకె పదేండ్ల సంది బుగులు వడ్తున్న. వీండ్లు నాలుగు పార్ల సంపిండ్రా!" నవ్వు నెమ్మదించాక కళ్లు తుడుచుకుంది. చెంపల మీద పిండి అంటుకుంది. "మరి మీ దాంట్ల?"

"మా దాంట్ల మీరొక్కరే ఉన్నరు పెద్దమ్మా."

"గంతే గద మరి," అంది బిక్షమ్మ. "ఈ పదేండ్లు నేనొక్కదాన్నే ఉన్న. మీదే సక్కగ రాసిండ్రు."

పాత పేపరు చించి ఎల్లిపాయ కారంతో ఆరు రొట్టెలు చుట్టింది, సారుతో కలిపి లెక్కగా. పైసలు తీసుకోనంది. కందీలును మాత్రం పిండి అంటకుండా మడిచి, గల్లపెట్టె అడుగున పెట్టుకుంది.

బస్సు కదిలింది. రొట్టెలు ఇంకా వేడిగా ఉన్నాయి. నిహారిక మధ్యాహ్నం నుంచి మొదటిసారి ఎస్తేరు పక్కకు జరిగి కూర్చుంది.

"ఆమె ఎందుకట్ల నవ్వింది?"

ఎస్తేరు రొట్టెల పొట్లం విప్పింది.

"సరే తియ్యి, చెప్పొద్దన్నది," అంది నిహారిక. "ఆ ఎల్లిపాయ కారం ఇటియ్యి."